మీటింగు తాళంచెవి ఎవరి దగ్గర?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం ఆన్‌లైన్ వీడియో సమావేశాల నిర్వహణ. ఈ అంశం వినగానే "మాకెందుకివన్నీ, పిల్లలు చూసుకుంటారు" అని వెనక వరుసలో ఎవరో అన్నారు. ఆ మాటకు జవాబు చెప్పడానికే నేను లేచి నిలబడ్డాను. పిల్లలు చూసుకుంటే ఏమవుతుందో కాసేపట్లో మనవి చేస్తాను.

డిసెంబరు 17ను మనం ఎందుకు జరుపుకుంటామో మీకు నేను చెప్పనక్కరలేదు. 1982లో ఇదే రోజున నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం పెన్షన్ దయాదాక్షిణ్యం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని తీర్పు చెప్పింది. ఆ హక్కు నిలబడాలంటే మనం నలుగురం ఒకచోట కూడాలి, మాట్లాడుకోవాలి, తీర్మానం చేయాలి. ఆ కూడే చోటు మారిపోతున్నది. అందుకే ఈ విషయాన్ని పిల్లలకు అప్పగించి ఊరుకునేది కాదంటున్నాను.

2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చాయి. పాత కరీంనగర్ జిల్లాలోంచి జగిత్యాల, పెద్దపల్లి, రాజన్న సిరిసిల్ల వేరుపడ్డాయి. హుస్నాబాదు సిద్దిపేటకు పోయింది, మహదేవపూర్ భూపాలపల్లికి పోయింది. అటు ఆదిలాబాదు నాలుగు జిల్లాలయింది. కాగితం మీద జిల్లాలు విడిపోయినా కలిసి పనిచేసినవాళ్ల పొత్తు విడిపోలేదు. కోరుట్లలో ఉద్యోగం మొదలుపెట్టి, ఉట్నూరులో ఎండలు చూసి, మంథనిలో గోదావరి వరద చూసి, కరీంనగర్‌లో రిటైరయినవాళ్లు మనలో ఎందరో ఉన్నారు. వాళ్లలో కొందరు ఇప్పుడు హైదరాబాదులో కొడుకు దగ్గర, కొందరు బెంగుళూరులో, కొందరు డల్లాస్‌లో ఉన్నారు. మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేక ముకరంపురలోనే ఉండి సభకు రాలేనివాళ్లూ ఉన్నారు. వీళ్లందరికన్నా ముఖ్యంగా చెప్పవలసింది కుటుంబ పెన్షన్ తీసుకునే మన అక్కచెల్లెళ్ల సంగతి. భర్త బతికున్నప్పుడు సంఘం మీటింగు ఆయన వ్యవహారం. ఆయన పోయాక పెన్షన్ కాగితాలు ఆమె మీద పడ్డాయి గాని, సంఘం హాలు గడప మాత్రం ఆమె తొక్కలేదు. వీడియో మీటింగు మొదలుపెట్టాక వాళ్లు వచ్చారు. మొదట ముఖం కనబడనివ్వకుండా విన్నారు. తర్వాత అడగడం మొదలుపెట్టారు. బకాయిల గురించి, నామినేషన్ల గురించి వాళ్లడిగిన ప్రశ్నలు హాల్లో కూర్చున్న మనమెవ్వరం అడగలేదు. ఈ ఒక్క కారణం చాలు, ఈ పద్ధతిని మనం వదులుకోకూడదనడానికి.

వీడియో సమావేశం మనకు పూర్తిగా కొత్తదీ కాదు. 1990ల చివర్లో ముఖ్యమంత్రి హైదరాబాదు నుంచి కలెక్టర్లతో వీడియో కాన్ఫరెన్సులు పెట్టేవారు. ముందురోజు నుంచీ కలెక్టరేటులో ఎంత హడావుడో రెవెన్యూ వాళ్లకు, ప్లానింగు వాళ్లకు బాగా గుర్తుంటుంది. లెక్కల కాగితాలు పట్టుకుని ఆ గది బయట నిలబడ్డవాళ్లలో నేనూ ఒకణ్ని. అప్పుడు గదిలో ఒక ఆపరేటరు ఉండేవాడు. ఎవరి మైకు తెరవాలి, ఏ బొమ్మ చూపాలి అన్నది అతని చేతిలో ఉండేది. కలెక్టరుగారైనా "కొంచెం సౌండు చూడవయ్యా" అని అతన్నే అడగాలి. ఈ రోజు ఆ గది లేదు, ఆ పెట్టెలు లేవు. ఆ ఆపరేటరు పని మాత్రం అలాగే ఉంది. అది మన ఒళ్లోకి వచ్చి పడింది.

జూమ్ గాని, గూగుల్ మీట్ గాని, మరొకటి గాని, వీటన్నిటికీ రెండు భాగాలున్నాయి. ఒకటి మీటింగు జరుగుతున్నప్పుడు తెర కింద కనబడే మీటలు. ఇవి అందరికీ తెలుసు. రెండోది వెనక గదిలోని స్విచ్చి బోర్డు లాంటిది. ఖాతా పేరుతో వెబ్‌సైటులోకి వెళ్తే ఒక పేజీ తెరుచుకుంటుంది. జూమ్‌లో అయితే ఎడమ పక్కన వరుసగా మీటింగులు, రికార్డింగులు, సెట్టింగులు అని ఉంటాయి. దీన్నే డ్యాష్‌బోర్డు అని వాడుకగా అంటున్నాం. కారులో డ్రైవరు ముందుండే పలక పేరే దీనికీ పెట్టారు. సగం గొడవలు ఈ పేజీలో ముందే సర్దుకోవలసినవి సర్దుకోక, మీటింగులో కూర్చున్నాక వెతుక్కోవడం వల్ల వస్తున్నాయి.

ఏమేం సర్దుకోవాలో కేంద్ర హోం శాఖే ఒకసారి చెప్పింది. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి, దేశమంతా ఒక్కసారిగా జూమ్ మీద పడింది. ఏప్రిల్‌లో హోం శాఖ ఒక సూచనల పత్రం విడుదల చేసింది. ప్రభుత్వ పనులకు దీన్ని వాడవద్దనీ, సొంతానికి వాడేవాళ్లు జాగ్రత్తలు తీసుకోవాలనీ అందులో ఉంది. మీటింగు మీటింగుకు కొత్త పాస్‌వర్డు పెట్టండి, వెయిటింగ్ రూమ్ తెరిచి ఉంచండి, నిర్వాహకుడు రాకముందు ఎవరూ లోపలికి రాకుండా చూడండి, తెర చూపించే వీలు నిర్వాహకుడికే ఉంచండి, బయటకు పంపినవాడు మళ్లీ రాకుండా చూడండి, అందరూ వచ్చాక తాళం వేయండి, చివర్లో వట్టిగా లేచిపోకుండా మీటింగును పూర్తిగా ముగించండి. ఇవీ ఆ సూచనల్లో ముఖ్యమైనవి. ఆ తర్వాత కంపెనీ వాళ్లు చాలా మార్పులు చేశారు, కొన్ని జాగ్రత్తలు వాటంతటవే అమలయ్యేటట్టు పెట్టారు. అయినా ఆ జాబితా ఇప్పటికీ పనికొస్తుంది. సర్క్యులర్లు చదివిన ప్రాణాలు మనవి, దీన్ని కూడా ఒక సర్క్యులరులాగానే పాటించవచ్చు.

"మన ముసలివాళ్ల మీటింగులోకి ఎవడొస్తాడండీ" అనుకోవద్దు. 2023 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు వీడియో విచారణల్లోకి గుర్తుతెలియనివారు చొరబడి అసభ్య దృశ్యాలు చూపించారు. హైకోర్టు కొంతకాలం ప్రత్యక్ష ప్రసారాలనూ వీడియో విచారణలనూ ఆపుకోవలసి వచ్చింది. జడ్జీలు కూర్చునే చోటికే రాగలిగినవాడికి మన సంఘం ఏమంత దూరం?

ఇక్కడ చాలామందికి తెలియని చిన్న విషయం ఒకటి చెప్తాను. మీటింగుకు ఒక నెంబరు, ఒక పాస్‌కోడ్ ఉంటాయి. నెంబరు ఇంటి చిరునామా లాంటిది, పాస్‌కోడ్ తాళంచెవి లాంటిది. కాని మనం వాట్సాప్‌లో పంపే నీలిరంగు లింకులో మామూలుగా ఈ రెండూ కలిసే ఉంటాయి. అంటే ఆ లింకును మీ కాలనీ గ్రూపులోకో, భజన మండలి గ్రూపులోకో పంపారంటే, చిరునామా రాసిన చీటీకి తాళంచెవి కట్టి టవర్ సర్కిల్‌లో వేలాడదీసినట్టే. కాబట్టి లింకు సంఘం గ్రూపు దాటకూడదు. ఒకవేళ దాటినా వెయిటింగ్ రూమ్ ఉంటే భయం లేదు.

వెయిటింగ్ రూమ్ అంటే మరేం కాదు, అధికారి గది బయట బెంచీ. లోపలికి చీటీ పంపి మనమంతా ఎన్నిసార్లు కూర్చోలేదు ఆ బెంచీ మీద? పేరు చూసి లోపలికి రమ్మంటేనే రావాలి. బాగానే ఉంది గాని, మన దగ్గర వచ్చే ఇబ్బంది ఆ పేరుతోనే. బెంచీ మీద "రెడ్‌మీ" కూర్చుంటుంది. "గెలాక్సీ" కూర్చుంటుంది. "మమ్మీస్ ఐప్యాడ్" అని ఒకరు. మనుమడి ఫోనులోంచి వచ్చే పెద్దమనిషి పేరు ఏదో ఆటలో పెట్టుకున్న పేరై ఉంటుంది. దర్వాజ దగ్గర కూర్చున్నవాడు ఏం చేయాలి? రానిస్తే ఎవడో తెలియదు, ఆపితే నలభయ్యేళ్లు సర్వీసు చేసిన సీనియర్ సభ్యుణ్ని బయట నిలబెట్టినట్టవుతుంది. ఆయన అలిగి మళ్లీ రాడు. ఇలా అలిగినవాళ్లను ఫోను చేసి బతిమాలే పని నాకు చాలాసార్లు పడింది. దీనికి మందు ఒక్కటే. ప్రతి సభ్యుడూ తన పేరు, ఊరు, రిటైరయిన శాఖ, ఈ మూడూ కనబడేటట్టు ఒక్కసారి మార్చుకోవాలి. మార్చుకోవడం రాకపోతే లోపలికి వచ్చాక నిర్వాహకుడే మార్చవచ్చు, ఆ వీలుంది. పేరు పోల్చుకోలేకపోతే దర్వాజ దగ్గరి మనిషి సభ్యుల రిజిస్టరులోని నెంబరుకు ఫోను చేసి అడగాలి. రెండు నిమిషాల పని.

మ్యూట్ గురించి ఎక్కువ చెప్పను. కుక్కరు విజిల్, టీవీ సీరియల్, కూరగాయల బండివాడి కేక, ఇవన్నీ మన తీర్మానాల మధ్యలో విన్నాం. లోపలికి వచ్చేటప్పుడే అందరి మైకులూ మూసి ఉండేటట్టు సెట్టింగులో పెట్టవచ్చు. ఒకే ఇంట్లో భార్యాభర్తలిద్దరూ రెండు ఫోన్లతో పక్కపక్కన కూర్చుంటే గీమని కూత వస్తుంది, వేరే గదుల్లో కూర్చోవాలి లేదా ఒక్క ఫోనే పెట్టుకోవాలి. సిగ్నల్ సరిగా లేని పల్లెల్లో ఉన్నవాళ్లు బొమ్మ ఆపేసి మాట మాత్రం వింటే డేటా చాలా తక్కువ పడుతుంది, తెగిపోవడం తగ్గుతుంది.

తెర చూపించడం దగ్గర మాత్రం కాస్త ఆగాలి. ఒక సభ్యుడి పెన్షన్ స్థిరీకరణలో తేడా వచ్చిందనుకుందాం. ఆయన కాగితాన్ని అందరికీ చూపిస్తూ లెక్క వివరిస్తాం. మంచి పనే. కాని ఆ కాగితం మీద పీపీఓ నెంబరుంది, బ్యాంకు ఖాతా నెంబరుంది, పుట్టిన తేదీ ఉంది. పెన్షనర్లను మోసం చేసేవాడికి అంతకన్నా ఏం కావాలి? పెన్షన్ ఆఫీసు నుంచి మాట్లాడుతున్నానంటూ మీ పీపీఓ నెంబరు వాడే చదివి వినిపిస్తే మీరు నమ్మక ఏం చేస్తారు? కాబట్టి లెక్క చూపించాలంటే నెంబర్లు కొట్టేసిన నకలు చూపించాలి.

వీడియో కాల్‌లోనే మనుషుల్ని బంధించే దొంగలు కూడా బయలుదేరారు. పోలీసు దుస్తులు వేసుకుని, వెనక ఆఫీసు బొమ్మ పెట్టుకుని, "మీ మీద కేసుంది, కెమెరా ముందు నుంచి కదలవద్దు, ఎవరికీ చెప్పవద్దు" అంటారు. దీనికి డిజిటల్ అరెస్టు అని పేరు. 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో ప్రధానమంత్రే దీని గురించి హెచ్చరించారు. చట్టంలో అటువంటి అరెస్టు లేనే లేదు. 2023 నుంచి వాట్సాప్ వీడియో కాల్‌లో కూడా తెర చూపించే వీలు వచ్చింది. ఎవరో అడిగారని తెర చూపిస్తే మీ ఫోనుకు వచ్చే ఓటీపీ వాడికి కనబడుతుంది. అటువంటి కాల్ వస్తే కోసేసి 1930కి ఫోను చేయాలి. మన మీటింగులో ఎవరి ఫోను తెరా చూపించమని అడగకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే. సంఘం అలవాటు చేసిన పనిని రేపు దొంగ అడిగితే మనిషి అనుమానించడు.

రికార్డింగు విషయంలో నా అభిప్రాయం కొందరికి నచ్చదని తెలుసు. ప్రతి మీటింగూ రికార్డు చేయాలని మన కుర్ర రిటైర్డు ఉద్యోగులు అంటున్నారు. నేను వద్దంటాను. మన మీటింగుల్లో జబ్బుల సంగతులు వస్తాయి, కొడుకు చూడడం లేదన్న మాటలు వస్తాయి. ఆ రికార్డింగు ఎవరి కంప్యూటరులో ఉంటుంది, ఎన్నేళ్లుంటుంది? మినిట్స్ పుస్తకం మనకుంది. అందులో రాసిందే రికార్డు. చికిత్స ఖర్చుల రీయింబర్స్‌మెంటు మీదో, ఆదాయపు పన్ను మీదో నిపుణులు ప్రసంగిస్తే దాన్ని రికార్డు చేద్దాం, ముందే చెప్పి చేద్దాం.

తీర్మానాలకు ఓటింగు కూడా తెర మీద మీట నొక్కి పెట్టవచ్చంటున్నారు. చిన్న విషయాలకు పరవాలేదు. చందా పెంచడం, కార్యవర్గం ఎన్నిక వంటివి పేరు పేరునా పిలిచి నోటితో చెప్పించుకోవాలి. ఇద్దరూ పెన్షనర్లయిన దంపతులు ఒకే ఫోనులో కూర్చుంటే తెర ఒకటిగానే లెక్కిస్తుంది. అలా అయితే ఆ టీచరమ్మ ఓటు ఏమయినట్టు?

ఇప్పుడు పిల్లలు చూసుకుంటారన్న మాట దగ్గరికి వస్తాను. ఒక ఊరి సంఘంలో, ఊరి పేరు అడగవద్దు, కార్యదర్శిగారి అబ్బాయి ప్రేమతో ఖాతా తెరిచి ఇచ్చాడు. తన ఈమెయిలు, తన ఫోను నెంబరు, తన కార్డు. రెండేళ్లు బ్రహ్మాండంగా నడిచింది. అబ్బాయి అమెరికా పోయాడు. ఖాతాలో సమయం అమెరికా సమయానికి మారింది. సాయంత్రం ఏడింటికి అనుకున్న మీటింగుకు ఆహ్వానం వేరే గంటతో వెళ్లింది, కొందరు తెల్లవారుజామున లేచి కూర్చున్నారు. డల్లాస్‌కూ మనకూ చలికాలంలో పదకొండున్నర గంటల తేడా, వేసవిలో పదిన్నర. తర్వాత ఫోను నెంబరు మారింది. లోపలికి వెళ్లాలంటే ఓటీపీ ఆగిపోయిన పాత నెంబరుకే వెళ్తోంది. అదే సమయంలో కార్యదర్శి మారారు. పాత కార్యదర్శికీ కొత్తాయనకూ మాటల్లేవు. రెండు నెలలు సంఘానికి మీటింగు లేదు. ఇందులో ఆ అబ్బాయి తప్పేముంది? సంఘం ఆస్తిని సంఘం పేరున రాసుకోకపోవడం వల్ల వచ్చిన తంటా అది.

నేను ట్రెజరీలో పనిచేశాను. స్ట్రాంగు రూముకు డబుల్ లాకు ఉండేది. రెండు తాళాలు, రెండు తాళంచెవులు, ఇద్దరు మనుషుల దగ్గర. ఒకరి మీద అనుమానం ఉండి కాదు, ఒకరికి జ్వరం వచ్చినా, బదిలీ అయినా ప్రభుత్వ ధనానికి లెక్క ఉండాలని. బదిలీ అయితే సీటీసీ మీద ఇద్దరూ సంతకాలు పెట్టి తాళాలు అప్పగించేవాళ్లం. ఈ వీడియో ఖాతాను కూడా అలాగే చూడాలంటాను. సంఘం పేరున ఒక ఈమెయిలు, సంఘం పేరున ఒక సిమ్ము, ఆ సిమ్ము ఉన్న ఫోను కార్యాలయం బీరువాలో. పాస్‌వర్డు సీలు వేసిన కవరులో కోశాధికారి దగ్గర. ఖాతాలో ఆరంకెల హోస్ట్ కీ ఒకటుంటుంది. నిర్వాహకుడు రాలేకపోతే మరొకరు దాంతో ఆ స్థానం తీసుకోవచ్చు, కాబట్టి అది కూడా ఆ కవరులోనే. కార్యవర్గం మారిన రోజే పాస్‌వర్డు మార్చి, ఛార్జి లిస్టులో బీరువా, కుర్చీల కింద ఈ ఖాతాను కూడా రాసి సంతకాలు తీసుకోవాలి.

డబ్బు సంగతి. జూమ్ ఉచిత ఖాతాలో ఒక మీటింగు 40 నిమిషాలే, నూరు మంది వరకే. గూగుల్ మీట్‌లో ఇద్దరు దాటితే గంట. మన అధ్యక్షుల స్వాగత వచనాలకే సగం పోతుంది, వారు నన్ను క్షమించాలి. పైగా పక్కన సహాయ నిర్వాహకుణ్ని పెట్టుకునే వీలు జూమ్‌లో డబ్బు కట్టిన ఖాతాకే ఉంది. అది లేకుండా మన సభ నడవదు, ఎందుకంటే సభ నడిపేవారు వేరు, బోర్డు చూసేవారు వేరు కావాలి. అధ్యక్షులు మాట్లాడుతూ దర్వాజ కూడా కాయలేరు. అందుకని సంఘం ఒక ఖాతాకు చందా కట్టాలనీ, అది ఖర్చు పుస్తకంలో చూపాలనీ ప్రతిపాదిస్తున్నాను. ఏ కంపెనీదైనా సరే. ఏదీ శాశ్వతం కాదు. పిల్లలతో మనం ఏళ్ల తరబడి మాట్లాడిన స్కైప్ 2025 మేలో మూతపడింది. సభ్యుల జాబితా మాత్రం మన రిజిస్టరులోనే ఉండాలి, కంపెనీ పేజీలో కాదు.

మనవల్ల కాదనే మాట నేనొప్పుకోను. 2014లో జీవన్ ప్రమాణ్ వచ్చినప్పుడూ ఇదే మాటన్నాం. 2021 నవంబరులో కేంద్ర పెన్షనర్లకు ఫోనులో ముఖం చూపించి ధ్రువీకరించే పద్ధతి వచ్చింది. ఇప్పుడు ఎనభై దాటినవారు కూడా ఫోను ముందు కళ్లార్పి పని ముగించుకుంటున్నారు.

భోజనాలయ్యాక రెండున్నరకు ఇదే హాల్లో డ్యాష్‌బోర్డును తెర మీద వేసి చూపిస్తాను. ప్రతి మండల శాఖ నుంచి ఇద్దరు ముందు వరుసలోకి రావాలి, ఆ ఇద్దరిలో ఒకరు మహిళ అయితే సంతోషం. దర్వాజ కాయడం ఒకరికి, మైకులు చూడడం మరొకరికి నేర్పుతాను. కళ్లద్దాలు, ఛార్జరు మరిచిపోకుండా తెచ్చుకోండి. ఇళ్లల్లో ఉండి వింటున్నవారు లింకు కోయవద్దు, మీ పేరు, ఊరు, శాఖ మార్చే పని మీతోనే మొదలుపెడదాం.